హలా అంటే మేనత్త

జర్మన్ భాషలో పిన్ని, పెద్దమ్మ, మేనత్త, మేనమామ పెళ్ళాం అందరికీ కలిపి ఒకటే మాట, టాంటె. మన ఊళ్ళలో ఇప్పుడు అందరినీ ఆంటీ అనేస్తున్నాం కదా, అలాంటిదే. టర్కీ వాళ్ళకి అలా కుదరదు. అమ్మ తోబుట్టువైతే తేయ్‌జె, నాన్న తోబుట్టువైతే హలా. నాన్న అన్నదమ్ములు అమ్‌జా, అమ్మ అన్నదమ్ములు దాయి. అంటే ఎవరు ఎటువైపో తేల్చకుండా వాళ్ళకి చుట్టరికం నోట్లోంచి రాదు, అచ్చం మనలాగే. ఈ సంగతి నాకు ఒక క్యాన్సర్ కథ వల్ల తెలిసింది. ఆ కథా చెప్తా, దాని మీద నాకున్న వాదనా చెప్తా, పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

నేను జర్మనీలో ల్యాబ్‌లో పనిచేసిన మూడేళ్ళూ ఒక టర్కిష్ అమ్మాయితో ఫ్లాట్ పంచుకున్నా. (పేరు రాయొద్దంది, రాయమన్నా రాసేదాన్ని కాదు, ఊళ్ళు కూడా అటూ ఇటూ మార్చా.) 1961లో టర్కీ నుంచి పనివాళ్ళని పిలిపించుకోడానికి జర్మనీ ఒప్పందం చేసుకుంది కదా, ఆ తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళ తాత బొగ్గు గనిలో పనికి వచ్చాడు. కొడుకుని తెచ్చుకున్నాడు, కూతుళ్ళిద్దరినీ టర్కీలోనే, కైసేరి అనే ఊరి దగ్గర పల్లెలో ముసలావిడ దగ్గర ఉంచేశాడు. ఆ కొడుకే మా రూమ్మేట్ వాళ్ళ నాన్న. ఆ కూతుళ్ళిద్దరూ ఈ కథలో చనిపోయిన వాళ్ళు.

మా రూమ్మేట్‌కి 30వ ఏట రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. చూపిస్తే మామూలు గడ్డే, ఫైబ్రోఎడినోమా, భయం లేదన్నారు. కానీ ఆ డాక్టరమ్మ ఫ్యామిలీ హిస్టరీ అడిగి, ఎందుకైనా మంచిదని జెనెటిక్ కౌన్సెలింగ్‌కి పంపింది. అక్కడ ఒకావిడ ఫారం నింపుతూ అడిగితే ఈ పిల్ల ఉన్నది ఉన్నట్టే చెప్పింది: ఒక టాంటె 38 ఏళ్ళకే బ్రెస్ట్ క్యాన్సర్‌తో పోయింది, ఇంకో టాంటె కడుపులో ఏదో వచ్చి 50 దాటాక పోయింది, ఆ రెండో ఆవిడకి 2008 ఆ ప్రాంతంలో టర్కీలో జీన్ టెస్టు కూడా చేశారు, ఏమీ లేదన్నారు. రాసుకునే ఆవిడ టాంటెలు ఇద్దరినీ అమ్మ వైపు కొమ్మకి తగిలించేసింది. కడుపులో ఏదో అన్నదాన్ని పొట్ట క్యాన్సర్ అని రాసింది. మరి అమ్మకి 63 ఏళ్ళు, గుండ్రాయిలా ఉంది, అమ్మమ్మ 84 ఏళ్ళకి నిద్రలో పోయింది. కాబట్టి వంశపారంపర్యం అనుకోడానికి పెద్ద కారణం కనపడట్లేదు, టెస్టు అక్కర్లేదు అని ఉత్తరం వచ్చింది. హమ్మయ్య అనుకుని ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించింది.

ఆ ఫ్రిజ్ ముందే నిలబడి ఒక రోజు నేను యథాలాపంగా అడిగా, ఆ పోయిన ఆంటీలు మేనత్తలా, పిన్నులా అని. మనకి ఆంటీ అన్నా లోపల ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది కదా, ఎటువైపో తెలియకపోతే మనిషి మొహం కూడా ఊహకి రాదు. హలా, ఇద్దరూ హలాలే అంది. అంటే నాన్న వైపా? అవును, నాన్న వైపే. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

ఎందుకో చెప్తా. ఆరోగ్యంగా ఉన్న 63 ఏళ్ళ అమ్మ ఒక సాక్ష్యం. ఆమెలో చెడిపోయిన జీన్ ఉండి ఉంటే ఇప్పటికి ఏదో ఒకటి బయటపడేదేమో అనుకోడానికి వీలుంది, అందుకే లెక్కలో రిస్కు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాన్న దాదాపు ఏ సాక్ష్యమూ కాదు. బ్రాకా-2 అనే జీన్ (దాని సంగతి కిందే చెప్తా) చెడిపోయిన మగవాళ్ళలో కూడా బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చేది జీవితం మొత్తం మీద నూటికి ఏడుగురికో ఎంతకో, ప్రోస్టేట్ రిస్కు పెరుగుతుంది గానీ అది వచ్చినా ముసలితనం ఖాతాలో వేసేస్తారు. సగం జీన్స్ నాన్న నుంచే వస్తాయని ఎనిమిదో క్లాసు పిల్లాడికి కూడా తెలుసు, అయినా రొమ్ము క్యాన్సర్ అనగానే డాక్టర్లతో సహా అందరి చూపూ అమ్మమ్మ ఇంటివైపే పోతుంది. నాన్న అనేవాడు ఆ జబ్బు నిశ్శబ్దంగా నడిచి వెళ్ళే వంతెన.

ఇక్కడ కాస్త బేసిక్స్. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అని రెండు జీన్స్, అందరూ బ్రాకా అంటారు. "నాకు బ్రాకా ఉందట" అని ఎవరైనా అంటే నాకు చిరాకు, అందరికీ ఉంటాయి, ఉండాలి కూడా. డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగితే దాన్ని తప్పుల్లేకుండా అతికించే పనివాళ్ళు అవి. పుట్టుకతోనే రెండు కాపీల్లో ఒకటి పాడై ఉంటే, రెండోది కూడా ఏదో ఒక కణంలో ఎప్పుడో ఒకప్పుడు పాడైతే ఇక అక్కడ రిపేరు చేసేవాడు లేడు. అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ 1990లో మొదటి దాని అడ్రసు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించింది, 1994లో జీన్ చేతికి దొరికింది, మరుసటి ఏడు 13వ క్రోమోజోమ్ మీద రెండోది. పది వేలకి దగ్గర మంది క్యారియర్లని, అంటే చెడిన కాపీ మోసే ఆడవాళ్ళని, గమనిస్తూ పోయి 2017లో వేసిన లెక్క ప్రకారం 80 ఏళ్ళు వచ్చేలోపు బ్రెస్ట్ క్యాన్సర్ రిస్కు బ్రాకా-1 చెడితే 72 శాతం, బ్రాకా-2 చెడితే 69 శాతం. అండాశయం క్యాన్సర్ 44, 17. మొత్తం బ్రెస్ట్ క్యాన్సర్లలో ఇలా వారసత్వంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. తక్కువే కదా అనిపిస్తుంది. టర్కీలో ఏడాదికి 24 వేల మందికి పైగా ఆడవాళ్ళకి కొత్తగా బ్రెస్ట్ క్యాన్సర్ బయటపడుతోంది, అందులో ఐదు శాతం అంటే 1200 ఇళ్ళు, ఒక్కో ఇంట్లో అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు. లెక్క మనుషుల్లో వేస్తే వేరేలా ఉంటుంది.

సరే, ఆ 2008 టెస్టు సంగతికి వస్తా, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది.

పెద్ద హలాకి చేసిన టెస్టు కాగితం తర్వాత దొరికింది, కైసేరి ఇంట్లో బట్టల బీరువాలో, నగల రసీదులతో పాటు. చూస్తే అది జీన్ మొత్తం చదివిన టెస్టు కాదు. మూడంటే మూడు మార్పులు ఉన్నాయా లేవా అని చూసింది. ఏ మూడు? 185డెల్‌ఏజీ, 5382ఇన్స్‌సీ, 6174డెల్‌టీ. ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళు చూడగానే గుర్తుపడతారు, అవి అష్కెనాజీ యూదుల మూడు మార్పులు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఆ యూదుల్లో 40 మందిలో ఒకరు ఈ మూడింట్లో ఏదో ఒకటి మోస్తుంటారు. వాళ్ళు ఒకప్పుడు చాలా కొద్దిమంది, వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటూ లక్షలయ్యారు, మొదటి కొద్దిమందిలో ఎవరికో ఉన్న పొరపాటు అందరిలోకీ పాకింది. దీన్ని ఫౌండర్ మ్యుటేషన్ అంటారు. ఐస్‌లాండ్‌లోనూ ఇంతే, బ్రాకా-2లో ఐదు అక్షరాలు పోయిన ఒకే ఒక్క మార్పు దేశమంతా కనపడుతుంది. అలాంటి జనానికి టెస్టు చవక. మూడు చోట్ల చూస్తే పని అయిపోతుంది. ఇంగ్లాండ్‌లో ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ అయితే తాతల్లో నాయనమ్మ అమ్మమ్మల్లో ఒక్కరు యూదులైనా చాలు, వయసు 18 దాటితే ఫ్రీగా టెస్టు చేసింది.

ఆ లిస్టు పట్టుకొచ్చి టర్కీ పల్లెటూరి ఆవిడ మీద పెట్టారు. మూడూ లేవు. "ఏమీ లేదు" అన్నారు. ఆ "ఏమీ లేదు" అన్న మాట పదేళ్ళ పైన ఆ కుటుంబాన్ని నిద్రపుచ్చింది. అప్పట్లో జీన్ మొత్తం చదవడం ఖరీదు, అమెరికాలో ఒక కంపెనీ దగ్గర పేటెంట్లు ఉండేవి, అవి చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 2013 జూన్‌లో, కాబట్టి ఆ ల్యాబ్ వాళ్ళని నేను దొంగలనను. దొరికిన పరికరంతో దొరికిన పని చేశారు. కానీ కాగితం మీద "మేం చూసింది మూడు మాత్రమే" అన్న ముక్క పెద్దక్షరాల్లో రాసి ఉండాల్సింది. రాయలేదు.

టర్కీకి అలాంటి చిన్న లిస్టు ఎందుకు లేదంటే, ఆ దేశంలో జనం చేరిన తీరు అలాంటిది. అనటోలియాలో మొదట్నుంచి ఉన్నవాళ్ళు, మధ్య ఆసియా నుంచి వచ్చిన టర్కులు, 1492లో స్పెయిన్ తరిమేస్తే ఒట్టోమాన్ సుల్తాన్ రానిచ్చిన యూదులు, 1864లో రష్యా వెళ్ళగొట్టిన కాకసస్ వాళ్ళు, 1923 జనాభా మార్పిడిలో గ్రీసు నుంచి పడవలెక్కి వచ్చిన నాలుగైదు లక్షల మంది, 1989లో బల్గేరియా నుంచి మూడు లక్షల పైన. వీళ్ళందరూ మూటా ముల్లెతో పాటు డీఎన్ఏలో ఎవరి పొరపాట్లు వాళ్ళు తెచ్చుకున్నారు. బిల్‌కెంట్ యూనివర్సిటీలో తైఫున్ ఓజ్‌చెలిక్ వాళ్ళ బృందం 3,362 మంది టర్కీ వాళ్ళ జీన్స్ చదివి 2021లో పేపర్ వేసింది, టర్కిష్ వేరియోమ్ అంటారు. అందులో తేలింది ఏంటంటే బాల్కన్, కాకసస్, మిడిల్ ఈస్ట్, యూరప్ అన్నీ కలిసిన కలగాపులగం, పైగా దగ్గర చుట్టాల్లో పెళ్ళిళ్ళ గుర్తులు కూడా బాగా ఉన్నాయి. రెండూ ఒకేసారి. ముత్తాతలు నాలుగు దిక్కుల నుంచి, పెళ్ళికూతురు మాత్రం పక్కింటి నుంచి.

బ్రాకా విషయంలోనూ అదే. 5382ఇన్స్‌సీ టర్కీ పేషెంట్లలో మిగతావాటికన్నా ఎక్కువసార్లు కనపడేదే. అది అసలు యూదులది కూడా కాదు, లెక్కగట్టిన వాళ్ళ ప్రకారం 1800 ఏళ్ళ కిందట స్కాండినేవియాలోనో ఉత్తర రష్యాలోనో ఎవరో ఒకరిలో ఒక అక్షరం ఎక్కువ పడింది, అది పోలండ్ మీదుగా యూదుల్లోకి వెళ్ళింది, అన్ని దేశాలూ తిరిగింది. బ్రాకా-1లో 20వ ఎక్సాన్ అనే ముక్కలో ఒకే ఒక్క సీ అక్షరం. అక్కడి నుంచి వాక్యం అంతా గాడి తప్పుతుంది. కానీ టర్కీలో అది పెద్ద ముక్క మాత్రమే, మొత్తం రొట్టె కాదు. మిగతాదంతా చిల్లర, ఒక ఇంట్లో ఒకటి, ఇంకో ఇంట్లో ఇంకోటి, చాలావరకు ఒక్క కుటుంబంలోనే కనపడేవి. 2022లో అక్కడి ఏడు సెంటర్లు కలిసి వాళ్ళ బ్రాకా రిపోర్టులన్నీ ఒక చోట చేర్చడం మొదలుపెట్టింది అందుకే. ఒక్క ఆస్పత్రి దగ్గరున్న కేసులతో ఈ చిల్లర లెక్క తేలదు.

మన సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తెలుగునాట మత్తు డాక్టర్లకి బాగా తెలిసిన విషయం ఒకటుంది, వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే నిమిషాల్లో పోవాల్సిన కండరాల చచ్చుదనం గంటలైనా పోదు, ఆ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్ళలో ఉండదు. ఒకే మూల పొరపాటు, వేల ఏళ్ళు కులంలోనే పెళ్ళిళ్ళు, కాబట్టి అది అక్కడే తిరుగుతోంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళూ అమెరికా వాళ్ళూ కలిసి 2017లో వేసిన పేపర్‌లో దక్షిణాసియాలో 263 గుంపులు చూస్తే 81 గుంపుల్లో ఈ ఫౌండర్ ముద్ర అష్కెనాజీల కన్నా గట్టిగా ఉంది. అంటే మనకి కులం కులానికీ ఒక చిన్న లిస్టు రాయొచ్చేమో. టర్కీకి మాత్రం ఊరూరికీ జీన్ మొత్తం చదవాల్సిందే. వేరే వాళ్ళ లిస్టు అరువు తెచ్చుకుంటే ఇద్దరమూ మునుగుతాం, కాకపోతే వేర్వేరు రకాలుగా.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి, టర్కీలో కూడా మనలాగే వింటుంటారట: దగ్గర పెళ్ళిళ్ళ వల్లే క్యాన్సర్ అని. 2018 సర్వేలో టర్కీలో పెళ్ళైన ఆడవాళ్ళలో నలుగురిలో దరిదాపు ఒకరిది చుట్టరికంలో పెళ్ళి, ఆగ్నేయంలో ఇంకా ఎక్కువ. మనం మేనరికం అంటాం, మేనమామ కొడుకునో మేనత్త కొడుకునో చేసుకుంటాం, బాబాయి కూతురంటే చెల్లెలు, ఛీ అంటాం. వాళ్ళలో ఆ బాబాయి కూతుర్ని చేసుకోవడం కూడా మామూలే. ఏదైనా సరే, బ్రాకా రిస్కుకి చుట్టరికం పెళ్ళి అక్కర్లేదు, చెడిన కాపీ ఒక్కటి చాలు, అది అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. కానీ చుట్టరికానికి ఇంకో చోట లంకె ఉంది, అది తక్కువమంది చెప్తారు. బ్రాకా-2 చెడిన కాపీలు రెండూ ఒకే బిడ్డకి వస్తే ఆ బిడ్డకి ఫాంకోనీ ఎనీమియా అనే ఘోరమైన జబ్బు వస్తుంది, చిన్నతనంలోనే మూలుగ పనిచేయడం మానేస్తుంది, క్యాన్సర్లు వస్తాయి. అలాగే ఏటీఎం అనే జీన్ రెండు కాపీలూ చెడితే నడక తూలుతూ కళ్ళలో ఎర్ర నరాలు తేలే జబ్బు, అటాక్సియా టెలాంజియెక్టేసియా. ఆ బిడ్డని చంకనేసుకుని న్యూరాలజీ ఓపీలో లైన్లో నించున్న తల్లికి అదే జీన్‌లో ఒక కాపీ చెడి ఉంటుంది, అంటే ఆమెకి బ్రెస్ట్ క్యాన్సర్ రిస్కు మామూలు కన్నా రెండింతలు. పిల్లాడి ఫైల్‌లో తల్లి రిస్కు రాసి ఉంది, చదివే వాళ్ళు లేరు. ఆ డిపార్ట్‌మెంట్ వేరు, ఈ డిపార్ట్‌మెంట్ వేరు. చుట్టరికం పెళ్ళిళ్ళు ఎక్కువున్న దేశంలో పిల్లల జెనెటిక్స్ క్లినిక్ అంటే తల్లుల క్యాన్సర్ క్లినిక్‌కి గుమ్మం లాంటిది, నన్నడిగితే.

ఇప్పుడు నా రోజువారీ పని గురించి. హైదరాబాద్ తిరిగొచ్చాక నేను చేసేది వేరియంట్లు చదవడమే. మెషీన్ జీన్ మొత్తం చదివి, ఇదిగో ఈ మనిషిలో ఇక్కడ ఒక అక్షరం తేడాగా ఉంది అని చెప్తుంది. అది చెడ్డదా, ఊరికే పుట్టుమచ్చ లాంటిదా అని తేల్చడం మా తలనొప్పి. తేల్చే మొదటి పద్ధతి చాలా మోటు పద్ధతి: ఆరోగ్యంగా ఉన్న లోకంలో ఇది ఎంతమందికి ఉంది? నూటికి ఒకరికి ఉందనుకోండి, ఫౌండర్ మార్పుల్లాంటివి తప్పిస్తే అది ప్రాణాలు తీసేది కాదు. మరి ఆ లోకం అంటే ఎవరు? నోమాడ్ అనే డేటాబేస్ వాడతాం, 2023లో వచ్చిన దాని కొత్త వెర్షన్‌లో 8 లక్షల మందికి పైగా ఉన్నారు. అందులో మిడిల్ ఈస్ట్ అనే గదిలో ఉన్నది మూడు వేల చిల్లర. ముందు వెర్షన్‌లో అయితే 158 మంది. నూటయాభై ఎనిమిది! ఒక పెళ్ళికి వచ్చే జనం కూడా కాదు. టర్కీలో వెయ్యి మందికి ఒకరిలో ఉండే అమాయకపు మార్పు అంత చిన్న గదిలో అసలు కనపడకపోవచ్చు, కనపడకపోతే అనుమానంగా చూస్తాం, తేలలేదు అని రాస్తాం. వీయూఎస్ అంటారు దాన్ని, అర్థం తెలియని మార్పు అని.

వీయూఎస్ అని రిపోర్టు చేతికొచ్చిన మనిషి ఏం చేయాలి? ఏమీ చేయకూడదు, దాన్ని బట్టి ఆపరేషన్ అసలే చేయించుకోకూడదు, ఫ్యామిలీ హిస్టరీని బట్టే నడుచుకోవాలి. అమెరికాలో ఒక పెద్ద స్టడీలో తర్వాత తేలిపోయిన వీయూఎస్‌లలో నూటికి 91 చివరికి ఏ హానీ లేనివే అని తేలింది. కానీ ఇంట్లో వాళ్ళకి ఇది చెప్పి చూడండి. "తెలియదు" అని డబ్బు కట్టించుకుని రాసిచ్చే టెస్టు ఏంటి అంటారు. వాళ్ళ తప్పు కాదు. తెలియకపోవడం అనేది డాక్టరుది కూడా కాదు, ఎవరి జీన్స్ ముందు చదివారు, ఎవరివి వెనక పెట్టారు అన్నదాని ఫలితం. అందుకే ఆ 3,362 మంది పేపర్ నాకు ఏదో కాన్ఫరెన్స్ గొప్ప లాగా అనిపించదు. అది వచ్చాక ఎక్కడో ఆదానాలోనో ఇజ్మీర్‌లోనో కొందరి రిపోర్టుల్లో "తెలియదు" అన్న మాట "ఏమీ కాదు"గా మారి ఉంటుంది, వాళ్ళకి ఎందుకు మారిందో కూడా తెలిసి ఉండదు.

మరి ఎవరికి టెస్టు చేయాలి? మేరీ క్లేర్ కింగ్ అయితే 2014లోనే అంది, 30 ఏళ్ళు వచ్చిన ప్రతి ఆడమనిషికీ చేసేయండి అని. నాకు ఆవిడంటే భక్తి, అయినా టర్కీకి ఇప్పటికిప్పుడు ఆ మాట ఒప్పుకోను. ఏది చెడ్డదో ఏది మచ్చో తేల్చే డేటా చాలినంత చేరకముందే కోట్ల మందికి టెస్టు చేస్తే దేశం నిండా వీయూఎస్‌లు పంచిపెట్టినట్టు ఉంటుంది. నేననేది ఇది: బ్రెస్ట్ క్యాన్సర్ గానీ అండాశయం క్యాన్సర్ గానీ వచ్చిన ప్రతి ఆవిడకీ, వయసెంతైనా, చుట్టాల్లో ఎవరికున్నా లేకపోయినా, జీన్స్ మొత్తం చదివే టెస్టు చేయాలి, పెద్ద ముక్కలు ఎగిరిపోయాయేమో చూసే పద్ధతి కూడా కలిపి, ఎందుకంటే మామూలు సీక్వెన్సింగ్ కొన్నిసార్లు అవి చూడలేదు. ఫ్యామిలీ హిస్టరీ ఉంటేనే చేస్తాం అనే రూలు పెద్ద కుటుంబాలకి, అందరి జబ్బులూ రికార్డు అయిన దేశాలకి పనికొస్తుందేమో. ఒక తరం పల్లెలో, ఒక తరం ఇస్తాంబుల్లో, ఒక తరం జర్మనీలో ఉన్న ఇంట్లో హిస్టరీ అంటే ఎవరికి గుర్తున్నంత వాళ్ళది. పైగా ఇప్పుడు అది ఊరికే తెలుసుకోవడం కోసం కాదు, బ్రాకా చెడితే ఒలపారిబ్ లాంటి మందులు పనిచేస్తాయి, కణానికి ఉన్న ఇంకో రిపేరు దారిని మూసేసి క్యాన్సర్ కణాన్నే చంపుతాయి, అమెరికాలో అండాశయానికి 2014లో, బ్రెస్ట్‌కి 2018లో అనుమతి వచ్చింది. పేషెంటు సొంత వైద్యం కోసం చేసే టెస్టు, చుట్టాలకి వచ్చే లాభం బోనస్.

టర్కీలో దీనికి ఇంకో గట్టి కారణం ఉంది, వయసు. అక్కడ బ్రెస్ట్ క్యాన్సర్ పేషెంట్లలో దాదాపు సగం మంది 50 లోపు వాళ్ళే. దేశ జనాభాయే కుర్రది కాబట్టి కొంత అలా కనపడుతుంది, అది నిజమే, కానీ ఏ కారణం వల్ల అయినా ఆ ఆడవాళ్ళు ఉన్నారు కదా. ప్రభుత్వం కెటెమ్ అని సెంటర్లు పెట్టి 40 నుంచి 69 దాకా రెండేళ్ళకోసారి ఫ్రీ మామోగ్రామ్ తీస్తుంది, మంచి పని, మన దగ్గర అంత కూడా లేదు. కానీ చిన్న హలా 38 ఏళ్ళకి చచ్చిపోయింది. స్క్రీనింగ్ ఆవిడ కోసం గేటు తెరిచే రెండేళ్ళ ముందే. బ్రాకా చెడిన వాళ్ళకి 25 నుంచే ఏటా ఎంఆర్ఐ తీయమని గైడ్‌లైన్స్ చెప్తున్నాయి, 40 దాకా ఆగమంటే వాళ్ళకి అది స్క్రీనింగ్ కాదు.

జీనే రాత అని మాత్రం నేననను. కింగ్ వాళ్ళే 2003లో చూపించారు, అవే మూడు మార్పులు ఉన్న యూదు ఆడవాళ్ళలో 1940కి ముందు పుట్టిన వాళ్ళకి 50 ఏళ్ళలోపు బ్రెస్ట్ క్యాన్సర్ రిస్కు 24 శాతం ఉంటే ఆ తర్వాత పుట్టిన వాళ్ళకి 67. జీన్ అదే, అక్షరం అదే, చుట్టూ ఉన్న బతుకు మారింది. టర్కీలో కూడా మొత్తం బ్రెస్ట్ క్యాన్సర్ పడమటి వైపు తూర్పు కన్నా రెండింతలకి పైగా ఎక్కువ అని 2009 ప్రాంతంలో లెక్కలు చెప్పాయి. తూర్పున పిల్లలు ఎక్కువ, తొందరగా కనడం, పాలివ్వడం ఎక్కువ. ఆ తూర్పు పల్లెల మనవరాళ్ళే ఇప్పుడు ఇస్తాంబుల్ అపార్ట్‌మెంట్లలో ఉన్నారు, నాయనమ్మకి 80 ఏళ్ళ దాకా నోరు మెదపని జీన్ మనవరాలికి 35కే మాట్లాడొచ్చు. కాబట్టి "మా నాయనమ్మకి ఏం రాలేదు" అనే ధైర్యం కూడా ఇప్పుడు పాతబడిపోయింది.

మళ్ళీ కథలోకి. కౌన్సెలింగ్ వాళ్ళకి మళ్ళీ రాశాం, టాంటె అన్నది నాన్న వైపు అని. కొత్త చెట్టు గీశారు. కడుపులో ఏదో అన్నదాని కోసం కైసేరి కాగితాలు తెప్పిస్తే అది అండాశయం. ఇద్దరు హలాలూ లేరు కాబట్టి టెస్టు నాన్నకి చేయాలి. ఆయన రెండు నెలలు రానన్నాడు. నాకేం జబ్బు, ఆడవాళ్ళ జబ్బుకి నేనెందుకు అన్నాడు. ఆ ఇంట్లో క్యాన్సర్ అన్న మాట ఎవరూ అనరు. టర్కీ పేపర్లలో చనిపోయిన వాళ్ళ వార్తల్లో ఇప్పటికీ "అమాన్‌సిజ్ హస్తలిక్" అని రాస్తారు, దయలేని జబ్బు అని అర్థం. మన వాళ్ళు పెద్ద జబ్బు అనే రకం. చివరికి ఆయన వచ్చింది కూతురి కోసం కూడా కాదు, చిన్న చెల్లెలు చివరి రోజుల్లో ఫోన్లో "అన్నా, ఇది నాకెందుకు వచ్చింది" అని అడిగిందట, ఆ జవాబు కోసం వచ్చాడు. బ్రాకా-2 మధ్యలో రెండు అక్షరాలు లేవు, ఆ మూడు మార్పుల లిస్టులో లేనిది, చెడ్డదని అనుమానం లేనిది. మా రూమ్మేట్‌కి బొమ్మా బొరుసూ. బొరుసు పడింది, ఆమెకీ ఉంది. ఇప్పుడు ఏటా ఎంఆర్ఐ చేయించుకుంటోంది, అండాశయాలు 40 దాటాక తీయించుకుంటానంటోంది, రొమ్ముల సంగతి ఇంకా తేల్చుకోలేదు. 2013లో సినిమా నటి ఏంజెలీనా జోలీ ముందుజాగ్రత్తగా రొమ్ములు తీయించుకున్నానని రాసిన దాని గురించి అందరూ ఆమెకి చెప్తారు, ఆమెకి విసుగు. జోలీకి బ్రాకా-1, నాకు బ్రాకా-2, ఆవిడకి ఆరుగురు పిల్లలు, నాకు ఇంకా పెళ్ళి కాలేదు అంటుంది.

పెళ్ళి అనేదే అసలు గోడ. చిన్న హలాకి ఇద్దరు పిల్లలు, కొడుకూ కూతురూ, కైసేరిలోనే. కూతురికి అప్పుడే నిశ్చితార్థం అయింది. ఈ కబురు వాళ్ళకి చెప్పాలా వద్దా అని జర్మనీ ఇంట్లో నెలల తరబడి గొడవ. పెళ్ళయ్యాక చెప్దాం అని నాన్న, ఇప్పుడే చెప్పాలి అని కూతురు. మనకి ఇది వివరించక్కర్లేదు అనుకుంటా, సంబంధం కుదిరిన ఇంట్లో షుగర్ ఉందని కూడా చెప్పం మనం.

టర్కీలో ఒక విచిత్రం ఏంటంటే పెళ్ళికి ముందు రక్తపరీక్ష అక్కడ కొత్త కాదు. తలసీమియా టెస్టు 2018 నుంచి దేశమంతా, 2021 చివర నుంచి కండరాలు క్షీణించే జబ్బు ఎస్‌ఎంఏ టెస్టు కూడా కలిపారు. కాబోయే మొగుడూ పెళ్ళాం ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి కలిసే వెళ్తారు, ఎవరూ సిగ్గుపడరు. మరి బ్రాకా కూడా అందులో పెట్టేస్తే పోలా అని నన్ను ఒకరు అడిగారు. పెట్టకూడదు. తలసీమియా ప్రశ్న ఇద్దరిదీ, ఇద్దరూ క్యారియర్లైతేనే బిడ్డకి ముప్పు, ఎవరి ఒక్కరి మీదా నింద పడదు. బ్రాకా ప్రశ్న ఆ అమ్మాయి ఒంటిది. దాన్ని తీసుకెళ్ళి పెళ్ళి ఫైల్లో పెడితే అబ్బాయి తల్లి చేతికి కత్తి ఇచ్చినట్టే. టర్కీలో 2016 డేటా చట్టం జెనెటిక్ సమాచారాన్ని ప్రత్యేకంగా కాపాడాల్సిన వాటిలో పెట్టింది, బాగుంది, కానీ అత్తగారు చట్టం చదవదు. ఆ టెస్టు ఆ అమ్మాయికీ డాక్టరుకీ మధ్య ఉండాలి, పెళ్ళి పేరు ఎత్తకుండా.

చివరికి మా రూమ్మేట్ నాన్నకి చెప్పకుండా తనే చెప్పింది. పెళ్ళికి పది రోజుల ముందు కాదు, పెళ్ళైన ఐదు నెలలకి, అక్కడ మాత్రం నాన్న మాట నెగ్గినట్టే. కుటుంబంలో ఒకరికి మార్పు దొరికితే మిగతా వాళ్ళకి జీన్ మొత్తం చదవక్కర్లేదు, ఆ ఒక్క చోట చూస్తే చాలు, ఖర్చు తక్కువ, జవాబు ఉంది లేదు అన్నట్టు స్పష్టం, వీయూఎస్ గోల లేదు. దానికి కావాల్సింది మొదటి వాళ్ళ రిపోర్టులో ఒక పేజీ. ఆ పేజీ జర్మనీ నుంచి కైసేరికి వెళ్ళడానికి 14 నెలలు పట్టింది. వాట్సాప్‌లో.

హలా కూతురు అంకారా వెళ్ళి టెస్టు చేయించుకుంది. లేదు. ఫోన్లో ఏడ్చిందట, తర్వాత అన్నయ్యని బలవంతంగా తీసుకెళ్ళింది. అతనికి ఉంది. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, ఆరేళ్ళది ఒకటి, మూడేళ్ళది ఒకటి. పిల్లలు చిన్నవాళ్ళు కదా, ఇంకా చాలా టైం ఉంది, ఇప్పుడే ఎందుకు అని భార్యకి చెప్పలేదట. వాళ్ళ ఇంట్లో ఈ సంగతి తెలిసింది ఆ పిల్లల హలా ఒక్కదానికే.